హైదరాబాద్‌లో ఇల్లు కిరాయికిచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మల్కాజిగిరిలో మా సొంతిల్లు, దాని మీద రెండు పోర్షన్లు, నిజాంపేటలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఇవీ మా ఆస్తులు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా ఆయనకి ఇంటి గొడవలంటే తలనొప్పి. అందుకని ఇరవై ఏళ్లుగా కిరాయివాళ్లతో మాట్లాడేదీ, ప్లంబర్‌ని పిలిచేదీ, అగ్రిమెంట్ రాయించేదీ నేనే. కొత్తగా ఫ్లాట్ కొన్న చుట్టాలు, కాలనీవాళ్లు ఫోన్ చేసి "వదినా, ఒక్క మాట" అంటారు. ఆ ఒక్క మాట అరగంట పడుతుంది. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను లాయర్నీ కాదు, ఆడిటర్నీ కాదు. వ్యవహారం పెద్దదైతే వాళ్ల దగ్గరికే వెళ్లండి.

లోన్ తీసుకుని ఫ్లాట్ కొంటే, వచ్చే అద్దెతో ఈఎంఐ కట్టుకోవచ్చా?

కట్టుకోలేరు. ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి.

ఫ్లాట్ 80 లక్షలు అనుకుందాం. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. కబోర్డులు, ఫ్యాన్లు, గీజర్లు, కిటికీలకు దోమల మెష్‌లు కలిపి ఇంకో 4 లక్షలు. మొత్తం 90 లక్షలు. అందులో 60 లక్షలు లోన్ అయితే, 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువు మీద నెలకు దాదాపు 52 వేలు కట్టాలి. అలాంటి ఫ్లాట్‌కి అద్దె 24 వేలు వస్తుందనుకోండి. మిగతా 28 వేలు మీ జీతంలోంచే పోవాలి.

సరే, లోన్ లేకుండానే కొన్నారనుకుందాం. ఏడాదికి అద్దె 2 లక్షల 88 వేలు. ఒక నెల ఖాళీగా ఉంటే 24 వేలు పోయాయి. ఇంటి పన్ను ఓ 6 వేలు, బ్రోకర్‌కి 12 వేలు, పెయింటింగ్, చిల్లర రిపేర్లు సగటున 21 వేలు. చివరికి చేతికి మిగిలేది 2 లక్షల 25 వేలు. మీరు పెట్టిన 90 లక్షల మీద అది రెండున్నర శాతం. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది, పైగా దానికి ట్యాపులు కారవు.

అయినా జనం కొంటారు, నేనూ కొన్నాను. ధర పెరుగుతుందన్న ఆశతో కొంటాం. ఆశ తప్పు కాదు గానీ, దాన్ని అద్దె ఆదాయం అని చెప్పుకోవద్దు. కేవలం అద్దె కోసమే, అదీ అప్పు చేసి కొంటానంటే మాత్రం మా తమ్ముడికి చెప్పిన మాటే మీకూ చెబుతాను: వద్దు.

మరి ఎలాంటి ఇంటి మీద కిరాయి బాగా గిడుతుంది?

పెట్టిన డబ్బుతో పోలిస్తే చిన్న ఇళ్ల మీదే. కోకాపేట, నార్సింగి వైపు ఎత్తైన టవర్లలో పెద్ద ఫ్లాట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ ధర రెట్టింపైనంత మాత్రాన అద్దె రెట్టింపవదు. ఇండిపెండెంట్ ఇంటి మీద వేసిన సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లయితే ఖాళీ అయిన వారంలోనే నిండుతాయి. దిల్‌సుఖ్‌నగర్, మల్కాజిగిరి, ఎస్సార్ నగర్ లాంటి పాత పేటల్లో ఇప్పటికీ అదే తీరు. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరమైతే ఇంకా మంచిది. మా మేడ మీద రెండు పోర్షన్ల అద్దె కలిపితే నిజాంపేట ఫ్లాట్ అద్దెని దాటేస్తుంది. ఆ పోర్షన్లు కట్టడానికి అయిన ఖర్చు మాత్రం ఫ్లాట్ ధరలో మూడో వంతు కూడా లేదు. స్థలం మా మామగారిది అనుకోండి, ఆ తేడా మర్చిపోకూడదు.

ఎక్కడ కొన్నా ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి వెళ్లి చూడండి. డిసెంబర్‌లో చూస్తే హైదరాబాద్‌లో ప్రతి బోరులోనూ నీళ్లుంటాయి.

కొనేముందు కాగితాల్లో ముఖ్యంగా ఏం చూడాలి?

ఇది లాయర్ పని. నేను అడిగేవి నాలుగే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) ఉందా? లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా) సరిపోతున్నాయా? సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు ఆపిన నిషేధిత జాబితాలో ఉందా? చెరువు ఎఫ్‌టీఎల్‌కి (నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్‌కి ఎంత దూరం? 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ నాలుగో ప్రశ్న అందరి నోటా వినిపిస్తోంది గానీ, అంతకుముందు కూడా అడగాల్సిన ప్రశ్నే. కొత్త ప్రాజెక్టయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. "ప్రీ లాంచ్, సగం ధరకే" అని ఎవరైనా అంటే ఆ సగం కూడా మీ దగ్గరే ఉంచుకోండి.

టు లెట్ బోర్డు పెట్టి రెండు నెలలైంది. ఎవరూ రావట్లేదు. ఏం చేయాలి?

ముందు క్యాలెండర్ చూడండి. ఆషాఢం నడుస్తోందా? మూఢం వచ్చిందా? మనవాళ్లు ఆ రోజుల్లో పాలు పొంగించరు. ఇల్లు నచ్చినా "శ్రావణంలో వస్తామండీ" అంటారు. ఒక్కోసారి టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి మరీ నెలరోజులు ఆగుతారు. ఆ నెల అద్దె ఎవరు భరించాలన్నది అప్పుడే తేల్చుకోవాలి. నేను సగం సగం అంటాను, చాలామంది ఒప్పుకుంటారు. పిల్లల చదువులున్నవాళ్లు స్కూళ్లు తెరవకముందే, ఏప్రిల్ మే నెలల్లో మారతారు. కాబట్టి మీ అగ్రిమెంట్ ఆషాఢంలో ముగియకుండా చూసుకుంటే సగం బాధ తప్పుతుంది.

తర్వాత బాత్రూమ్ చూడండి. ఇల్లు చూడ్డానికి వచ్చేది భార్యాభర్తలైతే, ఆయన పార్కింగ్ చూస్తాడు, ఆవిడ తిన్నగా వంటింట్లోకీ, బాత్రూమ్‌లోకీ వెళ్తుంది. పచ్చగా గార పట్టిన టైల్స్, మరకలు పడిన సింకు కనిపిస్తే "ఇంట్లో అడిగి చెప్తాం" అని వెళ్లిపోతారు. మళ్లీ రారు. యాసిడ్ పెట్టి కడిగించి, ఒక ఎల్‌ఈడీ బల్బు మార్చడానికి రెండు వేలు కూడా అవదు.

అప్పటికీ కదలకపోతే అద్దె తగ్గించండి. 24 వేల ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే 48 వేలు పోయినట్టే. నెలకు 1,500 తగ్గిస్తే ఏడాదికి పోయేది 18 వేలు. ఈ లెక్క అందరికీ తెలుసు, కానీ పక్క ఫ్లాట్‌వాళ్లకి 25 వస్తోందని మనసు ఒప్పుకోదు.

ఫ్యామిలీకే ఇవ్వాలా? బ్యాచిలర్లకి ఇస్తే ఇబ్బందా?

నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఒక పెద్ద కుటుంబం. అన్నిటికంటే తక్కువ ఇబ్బంది పెట్టింది ముగ్గురు సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు. అయితే బ్యాచిలర్లకి ఇచ్చేటప్పుడు ఎంతమంది ఉంటారో రాసుకోండి. ముగ్గురని చెప్పి ఏడుగురైతే నీళ్లు చాలవు, లిఫ్టులో పక్కవాళ్లతో గొడవలు మొదలవుతాయి. అద్దె అంతా ఒక్కరి ఖాతా నుంచే రావాలని చెప్పండి. "నా వాటా వేశానాంటీ, వాడే వేయలేదు" అన్న మాట నెలనెలా వినే ఓపిక నాకైతే లేదు.

ఇక "మీరేవిట్లు?" అని అడగడం. మన ఊళ్లో ఇది ఇల్లు చూపించే ముందే అడుగుతారు. పేరు చెప్పగానే "ఇల్లు ఇచ్చేశాం" అనేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నాకు నచ్చని పద్ధతి. కులం చూసి ఇచ్చిన ఇంటికి అద్దె టైముకి వస్తుందని ఏ పంచాంగంలోనూ రాసి లేదు. ఉద్యోగమేమిటి, ఇంతకుముందు ఎక్కడున్నారు, అక్కడ ఎందుకు ఖాళీ చేశారు అన్నవి అడగండి. వీలైతే పాత ఓనర్‌కి ఒక ఫోన్ కొట్టండి.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారు?

ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. ఆ ఖర్చూ, తిరుగుడూ తప్పించుకోడానికి అందరూ 11 నెలలు రాస్తారు. స్టాంపు పేపర్ మీద టైపు చేయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, నోటరీ చేయిస్తే మామూలు ఇళ్లకి సరిపోతుంది.

అయితే జిరాక్స్ సెంటర్‌లో రెడీమేడ్‌గా దొరికే అగ్రిమెంట్‌లో పేర్లు మార్చి వాడొద్దు. మీకు అవసరమైన మాటలు అందులో ఉండవు. నేను తప్పకుండా రాయించేవి: అద్దె ఏ తారీఖులోపు ఇవ్వాలి, ఏడాదికి ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేసే ముందు ఎవరైనా ఎన్నాళ్ల నోటీసు ఇవ్వాలి, ఎంతమంది ఉంటారు, మెయింటెనెన్స్ ఎవరిది, ట్యాంకర్ ఖర్చు ఎవరిది, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. చాలా గొడవలు రాయని వాటి దగ్గరే వస్తాయి.

అడ్వాన్స్ ఎంత తీసుకోవచ్చు?

హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అద్దె. కేంద్రం 2021లో తయారుచేసిన నమూనా అద్దె చట్టం కూడా నివాసాలకు రెండు నెలలకు మించొద్దనే చెప్పింది. అయితే ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది.

ఎంత తీసుకున్నారన్నది కాదు, ఎలా తిరిగిస్తారన్నదే ముఖ్యం. అడ్వాన్స్ మీ డబ్బు కాదు. నేను ఒక్కో ఇంటి అడ్వాన్స్‌ని విడిగా డిపాజిట్‌లో వేసి ఉంచుతాను. ఖాళీ చేసినవాళ్లని "కొత్తవాళ్లు రాగానే ఇస్తాం" అని తిప్పే ఓనర్లున్నారు. అలాంటి ఓనర్ దగ్గర కిరాయివాళ్లు చివరి రెండు నెలలు అద్దె కట్టరు, "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అంటారు. వాళ్లని తప్పుపట్టలేం.

పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరా?

చేయిస్తే మీకే మంచిది. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లో కిరాయివాళ్ల వివరాలు నమోదు చేయొచ్చు, లేదా స్టేషన్‌లో ఫారం ఇవ్వొచ్చు. ఆధార్ కాపీ, ఆఫీసు ఐడీ కార్డు, సొంతూరి అడ్రసు ఎలాగూ తీసుకుంటారు కదా.

మీటర్ నా పేరు మీద ఉంది. కిరాయివాళ్లు గృహజ్యోతి కింద ఉచిత కరెంటుకి సర్వీసు నంబరు అడుగుతున్నారు. ఇస్తే నాకేమైనా ఇబ్బందా?

ఏమీ లేదు. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు రావట్లేదు. కిరాయికి ఉండేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. సర్వీసు నంబరు ఇచ్చినంత మాత్రాన ఇంటి మీద వాళ్లకి హక్కేమీ రాదు. మాకెందుకులే అని ఇవ్వని ఓనర్లని చూశాను. పేదవాళ్లకొచ్చే వెసులుబాటుని మనం ఆపడం బాగుండదు. వాళ్లు ఖాళీ చేశాక మాత్రం మీ సర్వీసు నంబరుతో వాళ్ల రేషన్ కార్డు లింకు తీయించుకోమని గుర్తుచేయండి.

మేడ మీద ప్రతి పోర్షన్‌కీ విడిగా మీటర్ పెట్టించండి. ఒకే మీటర్ మీద సబ్ మీటర్లతో నడిపితే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతాయి, ఆ తేడా ఎవరిదని నెలనెలా పంచాయితీ.

ఎండాకాలం ట్యాంకర్ ఖర్చు ఓనర్‌దా, కిరాయివాళ్లదా?

చట్టం దీని గురించి ఏమీ చెప్పదు. మీరు ఏం రాసుకుంటే అదే.

జలమండలి 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది. దానికి క్యాన్ నంబరుతో (నల్లా కనెక్షన్ నంబరు) ఆధార్ లింక్ చేయాలి, మీటర్ పనిచేస్తూ ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాటూ లింక్ కావాలి. సగం ఫ్లాట్ల ఓనర్లు ఊళ్లో ఉండరు, వాళ్లు లింక్ చేయరు, ఆ బిల్లు అసోసియేషన్ నెత్తిన పడుతుంది. మీరు కొన్న ఫ్లాట్ లింక్ అయిందో లేదో ఈరోజే కనుక్కోండి.

అయినా నల్లా నీళ్లు చాలవు. మా నిజాంపేట ఫ్లాట్‌లో ఒక ఏప్రిల్ అంతా ఇలాగే గడిచింది. తెల్లవారుజామున ఐదున్నరకి వాచ్‌మన్ ఫోన్. "అమ్మా, బోరు గాలి కొడుతోంది." బోరు మోటారు వేస్తే ముందు బురద, తర్వాత గుర్రుమని గాలి, అంతే. ట్యాంకర్ బుక్ చేస్తే సాయంత్రం అన్నాడు. ప్రైవేటు ట్యాంకర్‌వాడు మామూలు రోజుల రేటుకి రెట్టింపు చెప్పాడు, అదీ పైపు సంపులో పెట్టే ముందే డబ్బు చేతిలో పెట్టాలన్నాడు. మా ఫ్లాట్‌లో ఉన్న అమ్మాయికి ఆరు నెలల పాప. బకెట్లలో పట్టి పెట్టుకున్న నీళ్లు కూడా అయిపోయాయి. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "ఆంటీ, ఇల్లు తీసుకునేటప్పుడు నీళ్లకి ఇబ్బంది లేదన్నారు కదా" అంది, అంతే. అనలేదని చెప్పడానికి లేదు, అన్నాను. డిసెంబర్‌లో అన్నాను.

అప్పటినుంచి నేను రెండు పనులు చేస్తున్నాను. వేసవిలో ట్యాంకర్లు పడతాయని ముందే చెబుతాను. మెయింటెనెన్స్‌కి పైన పడే ట్యాంకర్ ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను. దీన్ని చూసి మా మరిది "ఓనర్లని చెడగొడుతున్నావు" అంటాడు. ఆ అమ్మాయి నాలుగేళ్లు ఉంది. నాలుగేళ్లలో నాకు బ్రోకర్ ఖర్చు లేదు, ఒక్క నెల కూడా ఖాళీ లేదు.

పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి మా సీలింగ్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. పైవాళ్లు పట్టించుకోవట్లేదు. ఏం చేయాలి?

అపార్ట్‌మెంట్‌లో ఇంతకంటే మనుషుల్ని విడదీసేది ఇంకోటి లేదు. ముందు జబ్బేమిటో తెలుసుకోండి. సీలింగ్ మీద చెమ్మ ఎప్పుడూ ఒకేలా ఉంటే, పైవాళ్లు ఊళ్లో లేకపోయినా ఆగకపోతే, గోడలో ఉన్న నీళ్ల పైపు కారుతోందని అర్థం. పైవాళ్లు స్నానాలు చేసిన కాసేపటికి చుక్కలు పడి, మధ్యాహ్నానికి ఆగితే లీకు నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) దగ్గరో, టైల్స్ సందుల్లోనో ఉంది. నిర్ధారణకి ఒక పని చేయొచ్చు. పై బాత్రూమ్‌లో నహానీ ట్రాప్‌ని గుడ్డతో బిగించి, రెండంగుళాలు నీళ్లు నిలబెట్టి, ఒక రోజంతా ఉంచండి. కింద మరక పెరిగితే వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే.

మాకు జరిగినప్పుడు పై ఫ్లాట్ ఓనర్ అమెరికాలో ఉన్నాడు. అక్కడ అద్దెకున్నవాళ్లు "మా ఓనర్‌ని అడగండి" అంటారు. ఓనర్ "నా ఫ్లాట్‌లో ప్రాబ్లం లేదే" అంటాడు. అతని ఫ్లాట్‌లో లేదు నిజమే, కారేది మా నెత్తి మీద. మాటలతో లాభం లేదని, మా కిరాయివాళ్ల అబ్బాయి చేత సీలింగ్ వీడియో తీయించాను. సున్నం పెచ్చులు ఊడి, లోపల తుప్పుపట్టిన ఇనుప చువ్వ కనిపిస్తోంది. ఆ వీడియో పంపి, "బాబూ, ఇది మీ బాత్రూమ్ కింద ఉన్న శ్లాబు. చువ్వని తుప్పు తింటే పడేది నా వంటింట్లోకి, నిలబడనిది మీ ఇల్లు" అని రాశాను. మర్నాడే డబ్బు పంపాడు.

ఖర్చు లెక్క ఇదీ: పై ఫ్లాట్ లోపలి టైల్స్, ట్రాప్, పైపులు ఆ ఓనర్‌వి. అన్ని ఫ్లాట్లకీ కలిసి దిగే డౌన్ పైపు అసోసియేషన్‌ది. టైల్స్ పగలగొట్టకుండా సందుల్లో ఎపాక్సీ నింపితే చాలనే మేస్త్రీలుంటారు. కొన్నిసార్లు చాలుతుంది. చువ్వ కనిపించే దాకా వచ్చిందంటే చాలదు, పగలగొట్టి సంకెన్ (బాత్రూమ్ నేల కింద పల్లంగా ఉండే భాగం) నుంచి చేయించాల్సిందే. ఆ వారం రోజులు పైవాళ్లకి ఇంకో బాత్రూమ్ ఉందో లేదో కూడా ఆలోచించి మొదలుపెట్టండి.

అద్దె ప్రతి నెలా ఆలస్యంగా ఇస్తున్నారు. ఏమనాలి?

ఎప్పుడు జీతం పడుతుందో అడిగి తారీఖు అటు మార్చండి. నా అనుభవంలో సగం గొడవ దీంతోనే పోతుంది. 5కి ఇవ్వలేనివాళ్లు 10కి ఠంచనుగా ఇస్తారు. ఉద్యోగం పోయిందని చెబితే ఒక నెల ఆగండి. రెండో నెల కూడా రాకపోతే మాత్రం మొహమాటం పక్కన పెట్టి మాట్లాడండి. మూడో నెలకి అడ్వాన్స్ కరిగిపోతుంది, ఆ తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు.

ఖాళీ చేయమంటే చేయట్లేదు. తాళం వేసేయొచ్చా? కరెంటు కట్ చేయించొచ్చా?

రెండూ చేయొద్దు. కోపంలో చేస్తే కేసు మీ మీదే అవుతుంది, న్యాయం మీవైపున్నా సరే.

హైదరాబాద్‌లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. అంటే ఇప్పుడున్న ఇళ్లలో దాదాపు అన్నీ దాని బయటే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నడుచుకోవాలి. నెలవారీ అద్దెకి, వేరే మాట రాసుకోకపోతే, 15 రోజుల నోటీసు చాలు. లాయర్ ద్వారా పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపండి. అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో ఖాళీ చేయించమని దావా వేయాలి.

అక్కడిదాకా వెళ్తే ఏళ్లు పడుతుంది. కాబట్టి నోటీసు పంపాక ఒకసారి కూర్చుని మాట్లాడండి. వాళ్లవైపు పెద్దమనిషిని ఒకరిని పిలవండి. ఒకసారి నేను నెల అద్దె వదులుకుని, లారీ ఖర్చు కూడా ఇచ్చి పంపించాను. మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. వకీలు ఫీజుతో పోల్చి చూస్తే అది చవకే.

12 ఏళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందట, నిజమేనా?

కాదు. మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ ఉన్న మనిషి మీరే ఓనరని ఒప్పుకున్నట్టే. ఎన్నేళ్లున్నా కిరాయిదారే. ఈ భయంతో మంచివాళ్లని పదకొండో ఏట ఖాళీ చేయించినవాళ్లు నాకు తెలుసు. అద్దె బ్యాంకు ద్వారా తీసుకోండి, అగ్రిమెంట్ ఏటా కొత్తగా రాసుకోండి, చాలు.

అద్దె మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఎలా? నగదుగా తీసుకుంటే నయం కదా?

నగదు తీసుకోవడం వల్ల మిగిలేది తక్కువ, టెన్షన్ ఎక్కువ. పాత పన్ను విధానంలో ఉన్న కిరాయిదారు హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చేస్తాడు. ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో మీ పాన్ ఇవ్వాలి. అంటే లెక్క అక్కడికి చేరిపోయినట్టే.

అసలు లెక్క అంత భయంకరం కాదు. ఏడాది అద్దెలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేయండి. మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద తీసేస్తారు, రిపేర్లు చేయించినా చేయించకపోయినా. ఆ తర్వాత లోన్ వడ్డీ. వడ్డీ ఎక్కువై నష్టం వస్తే, పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు. ఈ తేడా తెలియక "లోన్ ఉంటే ట్యాక్స్ కలిసొస్తుంది" అని ఫ్లాట్ కొనేవాళ్లు ఇంకా ఉన్నారు.

అద్దె నెలకు 50 వేలు దాటితే కిరాయిదారు అద్దెలోంచి 2 శాతం టీడీఎస్ (మీ తరఫున ముందే కట్టే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అది మీరు కట్టిన పన్ను కిందే జమ అవుతుంది, కంగారుపడొద్దు.

ఇంటి పన్ను సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి: జీహెచ్‌ఎంసీకి ఆ ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, ఫ్లాట్ వాడి పేరు మీద ఉంది. అద్దె నా ఖాతాలో వేయించుకోవచ్చా?

వాడి ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) వేయించండి. ఓనర్ ఎన్నారై అయితే కిరాయిదారు అద్దె ఎంత తక్కువైనా టీడీఎస్ పట్టాలి. సెస్సుతో కలిపి 31.2 శాతం. ఈ విషయం కిరాయివాళ్లకి ముందే చెప్పకపోతే తర్వాత ఇద్దరికీ నోటీసులు. ఎక్కువ పట్టినది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఒకాయన ఫ్లాట్ మొత్తం తీసుకుని హాస్టల్ పెడతానంటున్నాడు. 24కి బదులు 35 వేలిస్తాడట.

ఇంటి పన్నూ, కరెంటూ నివాసం లెక్కలోంచి కమర్షియల్ లెక్కలోకి మారే ప్రమాదం ఉంది. అసోసియేషన్ ఒప్పుకోదు. పదహారు మంది వాడే రెండు బాత్రూమ్‌లని ఊహించుకోండి. బాత్రూమ్ నీళ్లు కింది సీలింగ్‌లోకి దిగడం గురించి పైన రాసింది మళ్లీ చదవండి.

అద్దెకున్నవాళ్లింట్లో ఎవరైనా పోతే?

ఇది ఎవరూ నేరుగా అడగరు. గొంతు తగ్గించి అడుగుతారు. మన ఊళ్లో చాలామంది ఓనర్లు శవాన్ని ఇంట్లోకి తేనివ్వరు. ఆస్పత్రి నుంచి తిన్నగా శ్మశానానికి తీసుకెళ్లమంటారు. ధనిష్ఠా పంచకం పడితే నెలల తరబడి ఇల్లు మూసేయాలని భయం.

మా మేడ మీద ఉన్నాయన తల్లి పోయింది, రాత్రి రెండింటికి. ఆయన కిందికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏడవట్లేదు. "అమ్మగారూ, బయట రోడ్డు మీద టెంట్ వేసుకోమంటారా?" అని అడిగాడు. తల్లి పోయిన మనిషి ముందు అడగాల్సిన మాట అదా? వరండాలోనే పడుకోబెట్టమన్నాను. పక్కింటావిడ నన్ను వారం పాటు తిట్టింది. పదకొండో రోజు అయ్యాక మా పురోహితుడు వచ్చి పుణ్యాహవచనం చేశాడు. ఆ కుటుంబం ఇంకా మా మేడ మీదే ఉంది. మీ నమ్మకాలు మీవి, నేను కాదనను. కానీ ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే ఈ సంగతి మనసులో తేల్చుకుని ఉండండి, అర్ధరాత్రి గుమ్మం దగ్గర కాదు.

ఫ్లాట్ అమ్మేస్తే పన్నెంత?

కొని 24 నెలలు దాటితే లాభం మీద 12.5 శాతం. 2024 జులై 23కి ముందు కొన్నదైతే, ఇక్కడే నివసించేవాళ్లు ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. కిరాయివాళ్లుండగా అమ్మాలంటే కొనేవాళ్లకి ముందే చెప్పండి, కిరాయివాళ్లకి ఇంకా ముందు చెప్పండి.

ఖాళీ చేసే రోజు ఏమేం చూసుకోవాలి?

సామాను లారీలోకి ఎక్కాక, వాళ్లు ఇంకా అక్కడుండగానే చూడండి. లైట్లన్నీ వేయండి. ఫ్యాన్లు అయిదు మీద పెట్టి చూడండి. రెండు ట్యాపులు ఒకేసారి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, గీజర్ స్విచ్ వేసి పది నిమిషాలు ఆగండి. కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీసి, ఆ రోజు వరకు బిల్లు కట్టించుకోండి. గ్యాస్ పైపు కనెక్షన్ ఉంటే దాని బిల్లు కూడా. చేరేటప్పుడు తీసిన వీడియో ఫోన్‌లో పక్కనే పెట్టుకుంటే వాదన ఉండదు. గోడకి మేకు రంధ్రాలు, గడప దగ్గర గీతలు, పిల్లలు రాసిన క్రేయాన్ గీతలు లెక్కలోకి తీసుకోవద్దు. అవి పెయింటింగ్‌కి పట్టుకున్న డబ్బులో పోతాయి. పగిలిన వాష్‌బేసిన్, విరిగిన కబోర్డు తలుపు మాత్రం చెప్పి పట్టుకోండి, ఎంత పట్టుకున్నారో కాగితం మీద రాసివ్వండి. మిగిలిన అడ్వాన్స్ అక్కడే, వాళ్ల ఎదురుగానే ఫోన్‌లో పంపండి.

తాళంచెవులు మూడు ఇచ్చి ఉంటే మూడూ లెక్కపెట్టి తీసుకోండి. ఎవరికి ఇల్లిచ్చినా మూడో తాళంచెవి ఎప్పుడూ పనిమనిషి దగ్గరుంటుంది.